ప్రోత్సాహము పిదప, బాకీ ముందు

ఆర్థికస్థితి మందగించినప్పుడెల్ల మన ప్రభుత్వములకు యువకులు జ్ఞప్తికి వత్తురు. కొలువులు లేవని నేరుగా ఒప్పుకొనుటకు నోరాడక, కొలువుల నడుగువారుగా గాక కొలువుల నిచ్చువారుగా కండని వేదికలపై నుండి హితోపదేశము చేయుదురు. ఒక మిషను వెలయును, ఒక పోర్టలు తెరువబడును, ఒక నినాదము గోడలకెక్కును. పట్టా పుచ్చుకొని ఇంట కూర్చున్న కుమారుని చేత తండ్రి ఒక దరఖాస్తు పెట్టించును. ఇంటికొక పారిశ్రామికుడు కావలెనని ఆంధ్రప్రదేశములో ఇటీవల వినవచ్చుచున్న మాట గాని, తెలంగాణములో పదేండ్లుగా సాగుచున్న నవకల్పనా కేంద్రముల సంరంభము గాని సదుద్దేశముతో పుట్టినవి కావని నేననను. అయితే ఈ మాటల వెల్లువలో ఒక చిన్న ప్రశ్న మునిగిపోవుచున్నది. వస్తువును తయారుచేసి, గడువులోపల అప్పగించి, బిల్లు వ్రాసి యిచ్చిన యువకునికి ఆ బిల్లు సొమ్ము ఎన్నాళ్ళకు ముట్టుచున్నది? శిక్షణలు, రాయితీలు, పురస్కారములు అన్నియు ఈ ప్రశ్నకు తరువాతివని నా అభిప్రాయము.

యువకులను వ్యాపారోద్యమమునకు పురికొల్పు విద్యకు మన దేశములో పుట్టినిల్లు దాదాపుగా తెలుగునాడే యన్న సంగతి చాలమంది ఎరుగరు. 1960లో ఢిల్లీయందు మొదలై, 1962లో హైదరాబాదునకు తరలివచ్చి, సియెట్ అను పొట్టిపేరుతో ప్రసిద్ధికెక్కి, నేడు యూసఫ్‌గూడలో జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా వ్యవహరింపబడుచున్న శిక్షణాలయము ఒకటి కలదు. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్ 1964లో ఆ సంస్థ తోడ్పాటుతో ఒక విచిత్రమైన ప్రయోగమునకు పూనుకొనెను. కాకినాడ పట్టణపు వ్యాపారులను యాభైమందికి పైగా విడతలు విడతలుగా హైదరాబాదునకు రప్పించి, కొద్ది దినములపాటు ఒకచోట ఉంచి, బొమ్మలు చూపి కథలు వ్రాయించి, తాము చేరుకొనగల గురిని తామే నిర్ణయించుకొను ఆటలు ఆడించి, సాధింపవలెనను కాంక్ష మనుష్యునియందు శిక్షణ వలన పెంపొందునా యని పరీక్షించెను. 1969లో ఆయన డేవిడ్ వింటర్‌తో కలిసి ప్రకటించిన గ్రంథము పెంపొందుననియే తేల్చినది. శిక్షణ పొందినవారు పొందనివారికంటె చురుకుగా కొత్త పనులు చేపట్టిరి, పెట్టుబడులు పెట్టిరి, పనివారిని పెంచుకొనిరి. పంచెకట్టు, బొట్టు, సంప్రదాయ విశ్వాసములు ఇందుకు అడ్డురాలేదు. పాశ్చాత్యుల వేషభాషలను అనుకరింపనిదే వ్యాపారదక్షత అలవడదని ఆ కాలమున నమ్మిన మేధావులకు కాకినాడ కోమట్లు, మిల్లుదారులు, దుకాణదారులు ఇచ్చిన సమాధానమది.

ఆ ప్రయోగమునుండియే, ఆ తరువాతి దశకములలో దేశమంతట వ్యాపించిన పారిశ్రామిక ప్రేరణ తరగతులకు ఊపిరి వచ్చినది. కాని వాటిని నడిపినవారు ఒక విషయమును తగినంతగా గమనింపలేదేమోనని నాకు తోచును. కాకినాడనుండి వెళ్ళినవారు చేతులూపుకొనుచు వెళ్ళినవారు కారు. వారికి అప్పటికే దుకాణములు, ఖాతాలు, అరువిచ్చు బంధువులు, సరుకు కొను ఆసాములు ఉండిరి. మెక్లెలాండ్ నిప్పు రాజేసెను. కట్టెలు వారి యింటనే ఉండెను. నేడు కళాశాలల సెమినారు హాళ్ళలో మనము కట్టెలులేని పొయ్యి దగ్గర అగ్గిపుల్లలు గీయుచు, మంట నిలువలేదని పిల్లలను తప్పుపట్టుచున్నాము.

కట్టెలు ఎట్లు సమకూడునో తెలిసికొనుటకు బాలానగరు చరిత్ర చాలును. 1960వ దశకములో హైదరాబాదు చుట్టుపట్టుల హెచ్.ఎ.ఎల్., బి.హెచ్.ఇ.ఎల్., హెచ్.ఎమ్.టి., ఐ.డి.పి.ఎల్. వంటి ప్రభుత్వరంగ కర్మాగారములు వెలసినవి. వాటికి కావలసిన బోల్టులు, బ్రాకెట్లు, అచ్చులు, విడిభాగములు చేసి యిచ్చుటకు ఒకటి రెండు లేతులు గల చిన్న షెడ్లు బాలానగరులో పుట్టుకొనివచ్చినవి. 1968లో అక్కడనే కేంద్ర పనిముట్ల రూపకల్పన సంస్థ ఏర్పడి, చేతిపని తెలిసినవారికి గీత చదువుట, కొలత పాటించుట నేర్పినది. మందుల కర్మాగారమగు ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చినవారు తరువాతి కాలమున ఈ నగరమును ఔషధ పరిశ్రమకు పట్టుగొమ్మగా చేసిరి. అచట ఉద్యోగము చేసిన డాక్టరు కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన కంపెనీ పేరు ఎరుగనివారు లేరు. ఇందులో ప్రభుత్వము చేసిన మేలు ఉపన్యాసము కాదు, ఆర్డరు. పెద్ద కర్మాగారము చిన్నవానికి పని నేర్పినది, పని ఇచ్చినది. ఇప్పుడో, మూడేండ్ల అనుభవము చూపుము, మూడేండ్ల టర్నోవరు చూపుము అని టెండరు పత్రము అడుగును. అనుభవము లేనివానికి పని లేదు. పని లేనివానికి అనుభవము రాదు. కేంద్ర ప్రభుత్వశాఖలు, సంస్థలు తమ కొనుగోళ్ళలో నాల్గవవంతు సూక్ష్మ, చిన్న పరిశ్రమలనుండియే కొనవలెనని, అందులో దళిత, గిరిజనుల పరిశ్రమలకు 4 శాతము, మహిళల పరిశ్రమలకు 3 శాతము వాటా ఉండవలెనని 2012 నాటి కొనుగోలు విధానము, దానికి 2018లో చేసిన సవరణ నిర్దేశించుచున్నవి. మంచిదే. అయితే ఆర్డరు దొరికిన తరువాతనే అసలు కథ మొదలగును.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును ఆరంభించి, సంగీత సభలలో ఉచితముగా పంచి జనులకు అలవాటు చేసిరని చెప్పుకొందురు. పంతులుగారి దక్షత అట్లుండ, ఆయన సరుకు స్వభావము గూడ గమనింపదగినది: అది తలనొప్పి వచ్చినవాడు అణాలు చెల్లించి కొనుక్కొను డబ్బీ. నేటి యువ పారిశ్రామికుడు చేయు సరుకును కొనువాడు వీథిలోని మనుష్యుడు కాదు. కంపెనీ, కార్పొరేషను, ఆసుపత్రి, విద్యాసంస్థ, ప్రభుత్వశాఖ. వారు రొక్కమునకు కొనరు. అరువుకు కొందురు, ఆ అరువు గడువును వారే నిర్ణయింతురు, నిర్ణయించిన గడువును వారే దాటుదురు.

ఒక లెక్క వేసి చూతము. ఇది ఊహించుకొన్న లెక్కయే కాని, ఏ ఆటోనగరులోనైనను, ఏ పారిశ్రామికవాడలోనైనను సరిచూచుకొనదగినది. పాలిటెక్నిక్ చదివిన యువకుడొకడు ఒక లేతు, ఒక మిల్లింగు యంత్రము పెట్టుకొని అద్దె షెడ్డులో పని చేయుచున్నాడనుకొందము. ఒక పెద్ద కర్మాగారమునకు 10 లక్షల రూపాయల విడిభాగములు చేసి యిచ్చినాడు. ఇనుము, కరెంటు, కూలి, అద్దె కలిసి 9 లక్షలు, మిగులు లక్ష. ఇనుము వ్యాపారి కొత్తవానికి అరువీయడు. పనివారికి శనివారము కూలి ముట్టవలెను. కరెంటు బిల్లు గడువు దాటినచో తీగ తెగును. ఇంతటితో అయిపోలేదు. 10 లక్షల బిల్లుపై 18 శాతము చొప్పున జి.ఎస్.టి. 1,80,000 రూపాయలు. తాను కొన్న ఇనుముపై కట్టిన పన్నును మినహాయించుకొనగా మిగిలినదానిని మరుసటి నెల 20వ తేదీ నాటికి కట్టవలెను. బిల్లు వ్రాసినంతనే పన్ను బాధ్యత పుట్టును. సొమ్ము చేతికి వచ్చినదా యని అడుగువాడు లేడు. రాని డబ్బుపై ముందుగా పన్ను కట్టి, అతడు ఖజానాకు గూడ అప్పు పెట్టుచున్నాడన్నమాట.

ఇట్టి స్థితిలో బిల్లు ఆరునెలలు నిలిచినది. చేతిలోని సొమ్ము 3 లక్షలు పోగా, 6 లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినాడు. నెలకు 18,000, ఆరునెలలకు 1,08,000. సంపాదించిన లాభము లక్ష గదా! అతడు పని చెడగొట్టలేదు, గడువు తప్పలేదు, సరుకు ఒక్కటియు తిరస్కరింపబడలేదు, అయినను నష్టపోయినాడు. పైగా ఆ వడ్డీకి రసీదు ఉండదు గనుక, పద్దు పుస్తకములలో అది లాభముగనే కనుపించి ఆదాయపు పన్నువారికి ముచ్చట గొలుపును. ఇట్టి ఆర్డర్లు రెండు మూడు పూర్తిచేసిన యువకునికి వ్యాపారదక్షత చాలలేదని శిక్షణ తరగతికి పంపుట కంటె క్రూరమైన పరిహాసము ఉండదు.

మాంద్యకాలమున ఈ బాధ ఎందుకు హెచ్చునో ఆలోచించినచో దీనిలోని అన్యాయము స్పష్టమగును. అమ్మకములు తగ్గి, చేతిలో రొక్కము బిగుసుకొన్నప్పుడు పెద్ద కంపెనీ ఏమి చేయవలెను? బ్యాంకునకు పోవలెను. దానికి ఆస్తులున్నవి, పరపతి యున్నది, పదిశాతము అటునిటు వడ్డీకి అప్పు పుట్టును. కాని ఆ పదిశాతము మాత్రము ఎందుకు చెల్లింపవలెనని, తనకు సరుకిచ్చిన చిన్నవారి సొమ్మునే వడ్డీలేని అప్పుగా వాడుకొనును. పెద్దవాని కొరత వానికంటె చిన్నవానిమీదికి, ఆ చిన్నవాని కొరత ఇంకను చిన్నవానిమీదికి జారి, చివరకు ఎవరిమీదికిని నెట్టివేయలేని యువకుని దగ్గర ఆగును. అతడు ఏడాదికి 36 శాతము వడ్డీకి అప్పుచేసి, కోట్ల వ్యాపారము చేయు కంపెనీకి వడ్డీ లేకుండ అప్పిచ్చుచున్నాడు.

ఇందుకు చట్టము లేదా యన్నచో, ఉన్నది. అదియు చక్కని చట్టము. 2006లో చేసిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టము, ఉభయులు వ్రాసికొన్న ఒప్పందము ఏమైనను, సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు చెల్లింపు 45 దినములు మించరాదని శాసించినది. మించినచో కొనుగోలుదారుడు రిజర్వుబ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడింతల వడ్డీని, నెలనెలకు చక్రవడ్డీ కట్టి, చెల్లింపవలెను. బ్యాంకు రేటు 6.75 శాతముగా ఉన్న రోజులలో ఇది 20 శాతమునకు పైమాటయే. ప్రతి రాష్ట్రములోను ఫెసిలిటేషన్ కౌన్సిలు ఉండవలెను. వివాదమును 90 దినములలో తేల్చవలెను. తీర్పుపై కోర్టుకెక్కదలచిన కొనుగోలుదారుడు ముందుగా తీర్పు సొమ్ములో 75 శాతము జమకట్టవలెను. 2017లో సమాధాన్ అను పోర్టలును తెరచి, ఇంటనుండియే ఫిర్యాదు చేయు వీలు కల్పించిరి. కాగితముపై ఇంతకంటె ఏమి కోరగలము?

కోరదగినది ఒకటియున్నది: ఫిర్యాదు చేసినవాడు మరునాడు గూడ బ్రతుకవలెను. చిన్న పరిశ్రమకు కొనుగోలుదారులు పదిమంది ఉండరు. ఇద్దరో ముగ్గురో ఉందురు. వారిలో ఒకనిపై కౌన్సిలునకు వెళ్ళినవాడు ఆ బిల్లు సొమ్ము రాబట్టుకొనవచ్చును గాని, ఆ గుమ్మము మరల తొక్కలేడు. కొనుగోలు విభాగములోని ఉద్యోగులు ఒకచోటనుండి మరియొకచోటికి మారుచుందురు; ఫలానావాడు కేసు పెట్టు రకమను పేరు వానికంటె ముందే ఊరంతయు తిరుగును. అందుచేత మన కౌన్సిళ్ళ గడప తొక్కువారు తరచు వ్యాపారము మూసివేసినవారో, మూయుటకు నిశ్చయించుకొన్నవారో అయియుందురు. బలహీనుడు బలవంతునిపై ఫిర్యాదు చేసిననే కదలు చట్టము, ఎంత చక్కగా వ్రాయబడినదైనను, యువకునికి అక్కరకు వచ్చునది కాదు. తనంతట తాను కదలు చట్టము కావలెను.

అట్టి ప్రయత్నము ఒకటి జరిగినది. 2023 ఆర్థిక చట్టము ద్వారా ఆదాయపు పన్ను చట్టములోని 43బి విభాగమునకు ఒక ఉపవిభాగము చేర్చి, సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు గడువులోపల చెల్లింపని సొమ్మును ఆ యేడు ఖర్చుగా చూపుటకు వీలులేదని కట్టడి చేసిరి. చెల్లింపనిచో పన్ను పెరుగును. ఫిర్యాదు లేదు, కౌన్సిలు లేదు; ఆడిటరే కాపలాదారు. నాకు తెలిసినంతలో చిన్న పరిశ్రమల పక్షమున ఇటీవలి కాలమున జరిగిన మేలైన పని ఇదియే. ఆ కట్టడి అమలునకు వచ్చిన మొదటి మార్చి నెలలో ఎన్నడును ఫోను ఎత్తని అకౌంట్సు విభాగములు తమంతట తామే పిలిచి బకాయిలు అడిగి తీర్చినవని చిన్న పరిశ్రమలవారు చెప్పుకొనిరి. గిట్టనివారును ఉండిరి, ఉద్యమ్ పోర్టలులో చిన్న పరిశ్రమగా నమోదు కానివాని దగ్గర కొనుట మేలని కొందరు కొనుగోలుదారులు తలచుచున్నారని వార్తలు వచ్చినవి. మరియొక చిక్కు గూడ ఉన్నది. ఒక చట్టము 45 దినములనగా, జి.ఎస్.టి. చట్టము మాత్రము, సరఫరాదారునికి 180 దినములు దాటినను చెల్లింపనప్పుడే కొనుగోలుదారుని పన్ను మినహాయింపు రద్దగునని చెప్పును. మరి గడువు ఏది? పెద్దవాడు సహజముగా పొడవైనదానినే ఎంచుకొనును. ఈ రెండవ గడువును గూడ 45 దినములకు దించుటకు పెద్ద మేధస్సు అక్కరలేదు, జి.ఎస్.టి. మండలి సిఫారసుతో ఒక చిన్న చట్టసవరణ చాలును.

అయితే ఆదాయపు పన్ను భయము ఎవరికి? ఆదాయపు పన్ను కట్టువారికి. ప్రభుత్వశాఖకు ఆ భయము లేదు. ఈ దేశములో చిన్నవానికి బాకీపడినవారిలో బాధ్యతారహితముగా ప్రవర్తించువారు ప్రభుత్వములే యనుట వినుటకు కష్టముగా ఉండవచ్చును గాని, హాస్టలునకు కూరగాయలు పోసినవానిని, పాఠశాలకు బల్లలు చేసినవానిని, కార్యాలయమునకు కారు అద్దెకు పెట్టిన నిరుద్యోగ యువకుని, ఎన్నికల వేళ ఫ్లెక్సీలు అచ్చువేసినవానిని అడిగి చూడుడు. బిల్లు ఎక్కించినారు, టోకెను పడినది, డబ్బు పడలేదు అన్న మూడు మాటలు శ్రీకాకుళమునుండి ఆదిలాబాదువరకు ఒకే స్వరముతో వినిపించును. మార్చి 31 దాటిన బిల్లు మురిగి, కొత్త సంవత్సరములో మరల మొదటినుండి సంతకములకు తిరుగవలసి వచ్చుటయు అరుదు కాదు. ఎవరి బిల్లు ముందు, ఎవరిది వెనుక అను క్రమము ఎక్కడను ప్రకటింపబడదు. ప్రకటింపబడనిచోట పలుకుబడి పని చేయును. పలుకుబడి లేకపోవుటయే గదా కొత్తవాని లక్షణము!

రాయితీల సంగతి ఇంకను విచారకరము. పెట్టుబడి రాయితీ, విద్యుత్ రాయితీ, పావలా వడ్డీ మొదలగు ప్రోత్సాహకముల బకాయిలు ఉభయ రాష్ట్రములలోను, ఏ పార్టీ ఏలుబడిలోనైనను, ఏండ్ల తరబడి పేరుకొనుట పత్రికలు చదువువారికి కొత్త కాదు. ఆ రాయితీ వచ్చునను నమ్మకముతోనే యువకుడు బ్యాంకులో అప్పుచేయును. మంజూరు పత్రమును పటము కట్టించుకొనునంత సంతోషముతో ఇంటికి తెచ్చుకొనును. సొమ్ము మాత్రము రాదు. దళిత, గిరిజన పారిశ్రామికుల కొరకు 2014లో తెలంగాణము తెచ్చిన టి-ప్రైడ్ వంటి ఉత్తమమైన పథకమునందును ఈ దుఃస్థితియే. వెనుక ఆస్తిలేని వర్గమువాడు ఎవని మాటను నమ్మి ముందడుగు వేసెనో, ఆ మాట ఇచ్చినవాడే జాప్యము చేసినచో, నష్టము ఒక్క షెడ్డుతో పోదు. ఆ వాడలో మరి పదేండ్లవరకు ఇంకొకడు ధైర్యము చేయడు. ఇవ్వలేని రాయితీని ప్రకటించుట కంటె ప్రకటింపకుండుట దయ.

అప్పుల విషయము క్లుప్తముగా చెప్పుదును, ఏలయన దానిని గూర్చి ఇప్పటికే అవసరమునకు మించి చెప్పబడినది. 2015లో మొదలైన ముద్రా పథకములో శిశు శ్రేణికి 50,000 రూపాయలు. పై శ్రేణిలో 2024 నుండి 20 లక్షల వరకు వీలు కలదు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకములో 15 మొదలు 35 శాతము వరకు రాయితీ కలదు. అది మూడేండ్లపాటు బ్యాంకులోనే డిపాజిటుగా నిలిచి, ఆ పిదప అప్పులో సర్దుబాటు అగును. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 10 లక్షల వరకు హామీ అడుగరాదని రిజర్వుబ్యాంకు 2010లోనే ఆదేశించినది. అయినను బ్రాంచి మేనేజరు మొదటి ప్రశ్న, ఇల్లు ఎవరి పేర నున్నది అనునదే. ఆయనను నిందించి లాభము లేదు. అప్పు మొండిబడినచో సంజాయిషీ చెప్పుకొనవలసినవాడు ఆయనే. నేను గమనించిన లోపము వేరు. యంత్రమునకు అప్పు పుట్టుచున్నది. సరుకునకు, కూలికి, నడిమి నాలుగు నెలలు గడచుటకు అప్పు పుట్టుట లేదు. ఆ నడిమి నాలుగు నెలలలోనే యువకుడు బజారు వడ్డీవాని చేతిలో పడును. 2015 డిసెంబరులో విజయవాడయందు కాల్‌మనీ వ్యవహారము బయటపడినప్పుడు మనమందరము వడ్డీవ్యాపారి క్రౌర్యమును చూచి నివ్వెరపోయితిమి. వాని గుమ్మమువరకు జనులను నడిపించిన, చేతికందని సొమ్ములనుగూర్చి ఎవరును అడుగలేదు.

బిల్లును తాకట్టుపెట్టి సొమ్ము తెచ్చుకొను మార్గము లేకపోలేదు. రిజర్వుబ్యాంకు 2014లో నియమములు రూపొందింపగా 2017 నుండి పనిచేయుచున్న ట్రెడ్స్ వేదికలలో, కొనుగోలుదారుడు బిల్లును అంగీకరించినచో, బ్యాంకులు పోటీపడి ఆ బిల్లుపై సొమ్ము ముందుగా ఇచ్చును. గడువు నాడు కొనుగోలుదారుడు బ్యాంకునకు కట్టుకొనును. 250 కోట్లు మించిన టర్నోవరు గల కంపెనీలు, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు ఇందులో చేరి తీరవలెనని 2024 నవంబరులో ఉత్తరువు వచ్చినది. చేరుట వేరు, బిల్లులను ఎక్కించి అంగీకరించుట వేరు. పేరు నమోదు చేసికొని ఊరకుండు కంపెనీని ఆ ఉత్తరువు ఏమియు చేయదు. రాష్ట్ర ప్రభుత్వశాఖలు ఆ ఉత్తరువు పరిధిలోనికే రావు.

ఇంత చేసినను కొందరు ఓడిపోవుదురు. ఓడిపోవుట వ్యాపారములో భాగము. కాని మన నాట ఓడినవానికి లేచు దారి ఏది? కంపెనీలకు 2016 నాటి దివాలా స్మృతి కలదు. గడువులు, ట్రైబ్యునళ్ళు, పరిష్కార ప్రణాళికలు కలవు. సొంతపేరుతో షెడ్డు పెట్టుకొన్న సామాన్యునికి వర్తింపవలసిన భాగము ఆ స్మృతిలో వ్రాయబడియు నేటికి అమలులోనికి రాలేదు. అతనికి దిక్కు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. మన ఊళ్ళలో ఐ.పి. (దివాలా దరఖాస్తు) పెట్టినాడని ఒకనిని గూర్చి చెప్పుకొనునప్పుడు గొంతులో ధ్వనించు అసహ్యము నూరేండ్లది. మోసగించి ఎగవేసినవానిని, నిజాయతీగా నష్టపోయినవానిని ఒకే మాటతో కొట్టివేయు సమాజములో ధైర్యము చేయుమని పాతికేండ్ల పిల్లలను ఏ ముఖముతో అడుగుదుము?

అడిగినను తలిదండ్రులు ఒప్పుకొనరు. వారి భయమును నేను తేలికగా తీసికొనను. హైదరాబాదు అశోక్‌నగరు గదులలో నలుగురైదుగురు కలిసి గ్రూప్స్ పరీక్షలకు, నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు ఏండ్ల తరబడి చదువుకొనుచున్న పిల్లలు మందబుద్ధులు కారు, సోమరులు కారు. నెల మొదటి తేదీన జీతము పడుననుటయే ఉద్యోగమునకు గల మహత్తు. పిల్లనిచ్చువారు గూడ దానినే విచారింతురు. వ్యాపారము చేయు వరునికి సంబంధములు కుదురుట లేదని వాపోవు తల్లులు ప్రతి వీథిలోను కనుపింతురు. వారిని వెక్కిరించుట సులభమే గాని, బిల్లు ఎప్పుడు వచ్చునో తెలియని యింటికి పిల్లనిచ్చుటకు నేనైనను సంకోచింతును. మన వర్తక కులములలో పిల్లలు నిర్భయముగా దుకాణము తెరచుటకు కారణము వారి రక్తములో లేదు. కష్టకాలమున చేబదులిచ్చు మేనమామ, మొదటి బేరమిచ్చు పినతండ్రి, ఓడినను మరల సరుకు దింపు టోకు వర్తకుడు వారికి ఉండుటలో ఉన్నది. అట్టి బంధుబలము లేని యువకునికి ప్రభుత్వము మేనమామగా నిలువనక్కరలేదు. బాకీ ఎగవేయు ఆసామిగా నిలువకున్న చాలును.

ఖజానా కటకటగా నున్నప్పుడు చెల్లింపు లెట్లు సాధ్యమని ఆర్థికశాఖవారు అడుగుదురు. ఇది దానము కాదు, రాయితీ కాదు. తీసికొన్న సరుకునకు వెల. వెల చెల్లింపలేనివాడు సరుకు కొనరాదను నియమము గృహస్థునకు వర్తించును గదా, ప్రభుత్వమునకు వర్తింపకుండుటకు హేతువు కనుపింపదు. ప్రభుత్వమే అప్పుచేయవలసి వచ్చినచో బాండ్లపై ఏడెనిమిది శాతమునకు దొరకును. ఆ భారమును 36 శాతమునకు అప్పు తెచ్చుకొను యువకునిపై మోపుట నైతికముగానే గాక లెక్కప్రకారము గూడ అవివేకము. రాష్ట్రము మొత్తమును తీసికొన్నచో, తక్కువ వడ్డీకి పుట్టు అప్పును విడిచి ఎక్కువ వడ్డీకి పుట్టు అప్పును మనము ఎంచుకొనుచున్నాము. చిన్నవారి బిల్లులన్నియు కలిసినను పెద్ద గుత్తేదారుల బిల్లుల ప్రక్కన స్వల్పమే యగును గనుక, పది లక్షలు దాటని బిల్లులను వేరు వరుసలో నిలిపి, వచ్చిన క్రమములోనే 45 దినములలో తీర్చుట అసాధ్యమని ఎవరును వాదింపలేరు. గడువు దాటిన నాటినుండి వడ్డీని, ఎవరును అడుగకయే, బిల్లునకు చేర్చు ఏర్పాటు కంప్యూటరులో ఉండవలెను. ఆ వడ్డీ ఏ శాఖ జాప్యము వలన పెరిగినదో ఆ శాఖ పద్దులో వ్రాయవలెను. అప్పుడు ఫైలు కదలును.

ఉభయ రాష్ట్రముల ఆర్థిక మంత్రులకు నా విన్నపమొకటి. విశాఖపట్టణములోనో హైదరాబాదులోనో మరుసారి పెట్టుబడుల సదస్సునకు పందిరి వేయుటకు ముందు, సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు మీ శాఖలు బాకీపడిన సొమ్మెంత, ఏ జిల్లాలో ఎంత, ఎన్నాళ్ళనుండి అను జాబితాను పేర్లతో సహా ప్రకటింపుడు. ఆ జాబితాలో ముప్పదియేండ్ల లోపువారి బిల్లులను మొట్టమొదట తీర్చివేయుడు. ఆ పిదప సదస్సునకు వారినే పిలిచి మాటాడింపుడు.